ఎలుగుబంటికి లక్ష్మణరేఖ

తాకితే తేలు కుట్టినట్టు చురుక్కుమంటుంది. ప్రాణం మాత్రం తీయదు. నాలుగు కర్రలు, కాస్త తీగ, ఓ చిన్న పెట్టె... సంచిలో వేసుకుని ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. అడవిలో నిద్రపోయే మనిషికీ ఆకలితో తిరిగే ఎలుగుబంటికీ మధ్య రాజీ కుదిర్చే కరెంటు కంచె కథ ఇది. ఎలుగులే లేని కోనసీమకి ఆ కథతో పనేంటంటారా... ఉంది!

‘ఆయ్... మా కోనసీమలో ఎలుగుబంట్లేంటండీ?’

అమలాపురం గడియార స్తంభం దగ్గర నిలబడి ఎవర్నడిగినా ఇలాగే నవ్వుతారు. నిజమే మరి. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న ఈ లంకసీమలో కొండా లేదు, కోనా లేదు. కొబ్బరితోట దాటితే వరిచేను, వరిచేను దాటితే కాలువ, కాలువ దాటితే ఊరు. ఎలుగుబంటి తలదాచుకోవడానికి చోటేదీ?

కానీ కోనసీమ వాళ్లు ఎప్పుడూ కోనసీమలోనే కూర్చోరు కదా! కార్తీకమాసం వచ్చిందంటే చాలు... అమలాపురం, రాజోలు, కొత్తపేటల నుంచి వ్యాన్లు బయల్దేరతాయి. రాజమండ్రి దాటి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి ఘాట్‌రోడ్డు ఎక్కేస్తాయి. పగలంతా వాగులూ జలపాతాలూ. మధ్యాహ్నం బొంగులో చికెన్. చీకటి పడ్డాక చలిమంట, దాని చుట్టూ పాటలు. ఆ తర్వాత గుడారాల్లో నిద్ర. మంట ఆరిపోతుంది. మిగిలిన బిర్యానీ ఓ మూల, సగం తిన్న పండ్లు ఓ మూల. గాలి వాలున ఆ వాసన అడవిలోకి వెళుతుంది.

పాపికొండల చుట్టుపక్కల అడవుల్లో ఎలుగుబంట్లున్నాయి. చూపు అంతంతమాత్రమే అయినా వాటి ముక్కు మాత్రం అసాధ్యం. మట్టి లోపలి చెదపురుగుల్నే వాసనపట్టి తవ్వి తీసే జంతువుకి చలిమంట దగ్గర మిగిలిన విందు ఓ లెక్కా?

గుడారం గుడ్డకీ ఎలుగు గోళ్లకీ మధ్య ఏముంది? ఇప్పటిదాకా దేవుడి దయ. ఇక నుంచి ఓ సన్నటి తీగ ఉండొచ్చు.

రెండో కోనసీమలో...

ఎలుగుబంటి సంగతి తెలియాలంటే కోనసీమ నుంచి ‘రెండో కోనసీమ’కి వెళ్లాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి ఆ పేరుంది. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి మండలాల్లో ఎటు చూసినా కొబ్బరి, జీడిమామిడి, పనస. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరిని ఎలా నేలమట్టం చేసిందో, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరిని అలాగే పడగొట్టింది. కష్టంలోనూ పచ్చదనంలోనూ ఇవి అక్కాచెల్లెళ్లు. ఒక్క తేడా... ఉద్దానం తోటల పక్కన చిన్నచిన్న కొండలున్నాయి. ఆ కొండల్లో ఎలుగులున్నాయి.

జీడిపండ్లు, పనసపండ్లు మాగే రోజుల్లో అవి తోటల్లోకి దిగుతాయి. అదే సమయంలో మనుషులూ తోటల్లోనే ఉంటారు. ఇద్దరూ కోరుకునేది ఆ పండునే, ఇద్దరూ నడిచేది ఆ దారినే. 2018 జూన్‌లో సోంపేట మండలం ఎర్రముక్కాంలో ఎలుగుబంటి దాడికి భార్యాభర్తలిద్దరూ బలయ్యారు. కోపం పట్టలేక ఊరి జనం దాన్ని కొట్టి చంపేశారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో మరో ఎలుగు ఒకరి ప్రాణం తీసి, ఆ వెంటనే మరికొందర్ని తీవ్రంగా గాయపరిచింది. విశాఖ జంతుప్రదర్శనశాల నుంచి వచ్చిన బృందం మత్తుమందు ఇచ్చి దాన్ని పట్టుకుంది. కాసేపటికే అదీ చచ్చిపోయింది.

రెండు చోట్లా ఓడిపోయింది ఇద్దరూ. మనిషీ, ఎలుగూ.

పులికే ఎదురునిలిచే మొండితనం

ఎలుగు మనిషిని తినడానికి రాదు. దాని ఆహారం చెదలు, చీమలు, తేనె, రేగు, నేరేడు, ఇప్పపువ్వు. పై దవడలో ముందరి రెండు పళ్లుండవు. ఆ సందులోంచి గాలి పీలుస్తూ పుట్టలోని చెదల్ని లాగేస్తుంది. ఆ చప్పుడు వంద మీటర్ల అవతలికీ వినబడుతుంది. పిల్లల్ని వీపున ఎక్కించుకుని తిరిగే ఎలుగు ఇదే. చూడ్డానికి ఎంతో సాధువు.

మరి మనిషి కనబడగానే ఎందుకలా మీద పడుతుంది? భయం! మన అడవుల్లో ఎలుగు వేల ఏళ్లుగా పులితో కలిసి బతికింది. పులి ఎదురైతే పరుగెత్తి తప్పించుకోలేదు. గోళ్లు పుట్టలు తవ్వడానికి అనువుగా పెరిగాయి తప్ప చెట్టెక్కి ప్రాణం దక్కించుకోవడానికి అంతగా పనికిరావు. పులి కూడా చెట్టెక్కగలదు. ఇక మిగిలింది ఒకటే దారి... నిలబడి కలబడటం. దగ్గరికి వచ్చేదాకా మనిషిని గమనించదు. గమనించేసరికి అతను పది అడుగుల్లో ఉంటాడు. వెంటనే వెనకకాళ్ల మీద లేచి ముఖం మీదికి దూకుతుంది. ‘భల్లూకపు పట్టు’ అన్న మాట ఊరికే పుట్టలేదు.

చట్టం ప్రకారం ఎలుగుబంటికి పులితో సమానమైన రక్షణ ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలు జంతువు. దాన్ని చంపినవాళ్లకి మూడేళ్లకు తక్కువ కాకుండా జైలు. కాబట్టి చంపడానికి వీల్లేదు, ఊరుకోవడానికీ వీల్లేదు. మిగిలింది దాన్ని దూరంగా ఉంచడమే. ఎలా?

గుర్రం నేర్పిన పాఠం

ఈ ప్రశ్నకి సమాధానం ఎక్కడో న్యూజిలాండ్‌లో, ఓ గుర్రంతో మొదలైంది.

1930ల్లో వైకాటో ప్రాంతంలో బిల్ గల్లఘర్ అనే రైతు ఉండేవాడు. ఆయన గుర్రం పేరు జో. దానికో చెడ్డ అలవాటు. దురద పుడితే చాలు, యజమాని కారుకి ఒళ్లు రాసుకునేది. కారు ఊగిపోయేది. ఎన్నిసార్లు అదిలించినా వినలేదు. విసిగిపోయిన గల్లఘర్ కారు ఊగగానే గుర్రానికి చిన్న షాక్ తగిలేలా ఓ ఏర్పాటు చేశాడు. జో మళ్లీ ఆ కారు వైపు వెళ్తే ఒట్టు! కారుని కాపాడిన ఉపాయం పొలాన్ని మాత్రం కాపాడదా అనుకున్నాడు రైతు. అలా మొదలైన కంచెల తయారీ పెద్ద సంస్థగా ఎదిగింది.

దాదాపు అదే కాలంలో అమెరికాలోనూ ఎలుగుల మీద ఈ ప్రయోగం జరిగింది. కాలిఫోర్నియా కొండల్లో తేనెటీగల పెంపకందార్లకి ఎలుగులతో తలనొప్పి. రాత్రికి రాత్రే పెట్టెలు పగలగొట్టి తేనె తాగేసేవి. పెట్టెల చుట్టూ కరెంటు కంచె వేసి ఎలుగుల్ని ఎలా ఆపొచ్చో జంతుశాస్త్రవేత్త ట్రేసీ స్టోరర్, ఆయన సహచరులు 1938లోనే ఓ పరిశోధన వ్యాసంలో వివరించారు. అంటే ఎలుగుకి కరెంటు కంచె నిన్నమొన్నటి ఆలోచన కాదు. ఎనభై ఏళ్లు దాటిన పాతకాపు.

అప్పటి కంచెలకి ఓ లోపం ఉండేది. గడ్డి పెరిగి తీగని తాకితే చాలు, కరెంటంతా నేలలోకి జారిపోయేది. న్యూజిలాండ్‌కే చెందిన డగ్ ఫిలిప్స్ 1962లో కెపాసిటర్ సాయంతో పనిచేసే కొత్తరకం యంత్రాన్ని తయారుచేశాడు. కాస్త గడ్డి తగిలినా దాని దెబ్బ తగ్గదు. ఇవాళ పొలాల్లో, అడవుల అంచున కనబడే సోలార్ కంచెలన్నీ ఆ కుటుంబంలోవే.

లొల్ల లాకుల లెక్క

ఇంతకీ ఎనిమిది వేల వోల్టులు పారే తీగ తగిలినా చావని జంతువు, ఇంట్లోని 230 వోల్టులకే ఎందుకు చచ్చిపోతుంది? చాలామందికి అర్థం కానిది ఇక్కడే. కోనసీమ వాళ్లకి మాత్రం తేలిగ్గా అర్థమవుతుంది. ఎందుకంటే వాళ్లకి లాకులు తెలుసు.

లొల్ల లాకుల దగ్గర నిలబడ్డారనుకోండి. తలుపు మూసి ఉంటే వెనక నీళ్లు నిండుతాయి. తలుపు ఎత్తితే ఒక్కసారిగా దూకుతాయి. కంచె పెట్టెలో జరిగేదీ అంతే. దాన్ని ఎనర్జైజర్ అంటారు. బ్యాటరీ నుంచి కరెంటు కొద్దికొద్దిగా వచ్చి కెపాసిటర్‌లో నిండుతుంది. సెకనుకి ఒక్కసారి తలుపు తెరుచుకుంటుంది. నిండినదంతా ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెళ్లి వేల వోల్టులుగా మారి తీగలోకి దూకుతుంది. సెకనులో వెయ్యోవంతు కూడా గడవకముందే తలుపు మూసుకుంటుంది. మళ్లీ నిండాలి. అప్పటిదాకా తీగలో ఏమీ ఉండదు. తాకినవాడు ఆ సందులో చెయ్యి లాగేసుకోవచ్చు.

వోల్టు అంటే నీళ్లు ఎంత ఎత్తు నుంచి పడుతున్నాయన్న లెక్క. ఎన్ని నీళ్లు పడుతున్నాయన్నది వేరే లెక్క. మేడ మీంచి చెంబుడు నీళ్లు నెత్తిన పడితే ఉలిక్కిపడతాం, అంతే. మోకాల్లోతు ఎత్తు నుంచే అయినా కాలువ కాలువంతా మీద పడితే కొట్టుకుపోతాం.

అంకెల్లో చూద్దాం. ఎలుగుల్ని ఆపే కంచె ఒక్కో దెబ్బకి కనీసం 0.7 జౌళ్ల శక్తి ఇవ్వాలన్నది అమెరికాలో పాటించే లెక్క. కంచె పెట్టెల అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఒక్కో దెబ్బ 5 జౌళ్లు దాటకూడదు. కిలో బరువున్న కొబ్బరికాయ మీటరు ఎత్తు నుంచి పడితే అందులో ఉండే శక్తి దాదాపు 10 జౌళ్లు. అంటే కంచె దెబ్బ మహా అయితే అందులో దాదాపు సగం. అదే ఇంటి కరెంటు తడిచేతికి తగిలితే? మనిషి ఒంట్లోకి సెకనుకి 50 జౌళ్లకు పైనే దిగగలదు. దిగుతూనే ఉంటుంది. తలుపు మూసుకోదు. కండరాలు బిగుసుకుపోయి తీగ వదలదు. గుండె లయ తప్పుతుంది. అంతే సంగతులు.

చంపే తీగ... చదువు చెప్పే తీగ

ఈ తేడా తెలియకపోవడం వల్లే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రాణాలు పోతున్నాయి. అడవిపందులు చేను పాడుచేస్తున్నాయని స్తంభం మీది కరెంటుకే కొక్కెం తగిలించి చుట్టూ తీగ లాగేస్తారు. పొలానికి నీళ్లు పెట్టడానికి తెల్లవారుజామున వెళ్లిన పక్క రైతు దానికి బలవుతాడు. ఒక్కోసారి తీగ పెట్టిన రైతే మర్చిపోయి కాలేస్తాడు. వేటగాళ్లదీ ఇదే పద్ధతి. 2024 ఫిబ్రవరిలో జయశంకర్ భూపాలపల్లి జిల్లా అడవుల్లో గాలింపుకి వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను ఒకరు వేటగాళ్లు పరిచిన తీగ తగిలి మరణించారు.

ఆ తీగకి పంది, ఎలుగు, ఆవు, మనిషి అన్న తేడా లేదు. తగిలినవాడికి ‘ఇటు రాకు’ అని చెప్పదు. రెండో అవకాశం ఇవ్వదు. స్తంభం నుంచి కరెంటు లాగడం 2003 విద్యుత్ చట్టం కింద దొంగతనం. అడవి జంతువు చనిపోతే వన్యప్రాణి చట్టం కింద నేరం. మనిషి పోతే ప్రాణం తీసిన కేసు.

సెకనుకో దెబ్బ కొట్టే కంచె అలా కాదు. అది చంపదు. పాఠం చెబుతుంది. ‘కరెంటు కంచె’ అని రెంటినీ ఒకే పేరుతో పిలవడమే మన పొరపాటు.

సంచిలో పట్టే కంచె

ఇక గుడారం దగ్గరికి వద్దాం. పొలం చుట్టూ పాతుకుపోయే కంచె వేరు. ఎక్కడ మకాం వేస్తే అక్కడికి మోసుకెళ్లే కంచె వేరు. ఈ రెండోదాన్ని ఎక్కువగా వాడేది అలాస్కాలో. అక్కడ గోధుమరంగు ఎలుగులు మన ఎలుగులకు రెండు మూడు రెట్లు బరువుంటాయి. నది ఒడ్డున చేపలు పట్టేవాళ్లు, కొండల్లో తిరిగే పరిశోధకులు, విమానంలో దిగి వారాల తరబడి గుడారాల్లో ఉండేవాళ్లు రాత్రిపూట దీన్నే నమ్ముకుంటారు. అలాస్కా వన్యప్రాణి శాఖ కూడా దీన్ని సిఫార్సు చేస్తుంది. అమెరికా అటవీశాఖకి మోంటానా రాష్ట్రం మిసౌలాలో ఉన్న సాంకేతిక కేంద్రం తాత్కాలిక కంచె ఎలా వేయాలో కొలతలతో సహా ప్రచురించింది.

మొత్తం సరంజామా రెండు కిలోలు కూడా ఉండదు. అందులో ఏముంటాయంటే...

పెట్టె: అరచేతిలో పట్టే ఎనర్జైజర్. టార్చిలైట్‌లో వేసే పెద్ద సెల్స్ రెండుంటే వారాల తరబడి పనిచేసే రకాలున్నాయి.

తీగ: ఇది అచ్చమైన ఇనుపతీగ కాదు. ప్లాస్టిక్ పురికొసలో వెంట్రుకల్లాంటి స్టీలు పోగులు కలిపి పేనుతారు. ఉండలా చుట్టేయొచ్చు.

కర్రలు: ఫైబర్‌తో చేసిన తేలికైన గుంజలు. వీటిలోంచి కరెంటు పారదు.

ఎర్త్ కడ్డీ: నేలలోకి దిగ్గొట్టే లోహపు ఊచ. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది కానీ ప్రాణమంతా దీనిలోనే ఉంది.

గుడారం చుట్టూ ఎనిమిది తొమ్మిది మీటర్ల చదరంగా గుంజలు పాతాలి. వాటికి మూడు నాలుగు వరసల తీగ. అడుగు తీగ నేలకి జానెడు ఎత్తున. అంతకన్నా ఎత్తుంటే ఎలుగు కింద నుంచి దూరిపోతుంది. పై తీగ మనిషి నడుము ఎత్తుకి అటూఇటూగా. గుడారానికీ కంచెకీ మధ్య కనీసం ఓ మీటరు ఖాళీ ఉండాలి. నిద్రలో కాలు చాపితే మనకే పాఠం మొదలవుతుంది మరి! గడ్డి తీగకి తగలకుండా కోసేయాలి. చివరగా టెస్టర్‌తో చూసుకోవాలి. ఐదారు వేల వోల్టులు చూపిస్తే నిశ్చింత. అలవాటైనవాళ్లకి ఇదంతా పావుగంట పని.

ముక్కే ముఖ్యం

తీగ మీద వాలిన కాకికి ఏమీ కాదు. ఎందుకంటే కరెంటుకి తిరిగొచ్చే దారి కావాలి. తీగ నుంచి ఎలుగు ఒంట్లోకి, ఒంట్లోంచి పాదాలకి, పాదాల నుంచి నేలకి, నేల నుంచి ఎర్త్ కడ్డీ ద్వారా మళ్లీ పెట్టెకి. ఈ చుట్టు పూర్తయితేనే దెబ్బ.

ఎలుగు ఒంటినిండా జడలు కట్టిన జుత్తు. అది కరెంటుని లోపలికి రానివ్వదు. వీపు తగిలినా, భుజం తగిలినా లాభం లేదు. మరెలా? కొత్త వస్తువు కనబడితే ఎలుగు ముందు చేసే పని వాసన చూడటం. తడిగా ఉండే ఆ ముక్కు తీగకి తగిలిందా... చురుక్! అంతవరకూ ఎవరూ కొట్టనిచోట, ఎవరూ కనబడకుండా, అంత గట్టి దెబ్బ. గిర్రున తిరిగి పరుగెడుతుంది. ఆ చోటంటేనే జంకుతుంది. అందుకే కంచె వేసిన క్షణం నుంచీ కరెంటు ఆపకూడదు. ‘రాత్రికి వేద్దాంలే’ అని ఊరుకుంటే, సాయంత్రం వచ్చిన ఎలుగు తీగని తోసుకుని లోపలికొచ్చి వెళుతుంది. ఈ తీగ ఉత్తుత్తిదే అన్న పాఠం నేర్చుకుంటుంది. అది చెరపడం చాలా కష్టం.

ఇక్కడే నేల సంగతి చూసుకోవాలి. కోనసీమ ఒండ్రునేల ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. ఊచ దిగ్గొడితే చాలు, ఎర్త్ అద్భుతంగా కుదురుతుంది. ఉద్దానం ఇసకనేల అలా కాదు. ఎండాకాలం ఎండిన ఇసకలో కరెంటు నడవదు. ఎలుగులు ఎక్కువగా దిగేదీ ఎండాకాలంలోనే! దానికీ ఉపాయముంది. వరసల్లో ఒక తీగకి కరెంటు ఇచ్చి, పక్క తీగని ఎర్త్‌కి కలుపుతారు. ఎలుగు మూతి రెంటికీ తగిలేలా దూర్చగానే చుట్టు పూర్తవుతుంది. నేలతో పనిలేదు. ఎర్త్ ఊచ చుట్టూ నీళ్లు పోయడం మరో చిట్కా.

గోడ కాదు... గీత

కంచె వేశాం కదా అని గుండెల మీద చెయ్యేసుకుని పడుకోవచ్చా? అలా అనుకుంటే పొరపాటే. ఇది గోడ కాదు. గీత మాత్రమే. తాపీగా వాసన చూస్తూ వచ్చే ఎలుగుని ఆపుతుంది. భయంతోనో కోపంతోనో దూసుకొచ్చేదాన్ని ఆపలేదు. ఆ వేగంలో తీగలు తెంచుకుని వచ్చేస్తుంది.

ఏనుగుల దగ్గరైతే ఈ గీత మరీ పల్చన. చిత్తూరు జిల్లా కుప్పం, పలమనేరు వైపు ఏనుగుల్ని ఆపడానికి అటవీశాఖ సోలార్ కంచెలు వేసింది. ఏనుగులు కొన్నాళ్లు ఆగాయి. తర్వాత దంతాల్లోంచి కరెంటు పారదని కనిపెట్టాయి. కొమ్మలు విరిచి తీగల మీద పడేయడం, గుంజల్ని తోసేయడం నేర్చుకున్నాయి. కంచె వేసి మర్చిపోతే ఏ జంతువైనా కనిపెట్టేస్తుంది. రోజూ చూసుకుంటేనే అది కంచె.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి... మన దగ్గర ఎలుగు దాడుల్లో ఎక్కువ భాగం గుడారాల్లో నిద్రపోయేవాళ్ల మీద జరిగేవి కావు. తెల్లవారుజామున బహిర్భూమికి వెళ్లినవాళ్ల మీద, జీడిపిక్కలు ఏరేవాళ్ల మీద, అడవిలో కట్టెలకీ ఆకులకీ తిరిగేవాళ్ల మీద జరిగేవే. సంచిలో కంచె వాళ్లతోపాటు నడవదు. వాళ్లకి కావాల్సింది ఇంట్లో మరుగుదొడ్డి, చేతిలో టార్చిలైటు, పక్కన తోడు, గట్టిగా మాట్లాడుకుంటూ నడిచే అలవాటు. మనిషి వస్తున్నాడని ముందే తెలిస్తే ఎలుగే పక్కకి తప్పుకుంటుంది.

మరి కంచె ఎవరికి? రాత్రి ఒకేచోట ఉండిపోవాల్సినవాళ్లకి. నల్లమల బేస్ క్యాంపుల్లో కాపలా కాసే అటవీ సిబ్బందికి. పోడు చేలో మంచె మీద పడుకుని డప్పు కొడుతూ తెల్లవార్లూ జాగారం చేసే కొండరెడ్డికి. తేనెపెట్టెలు పెట్టుకున్న గిరిజన రైతుకి. మారేడుమిల్లిలో పర్యటకుల గుడారాలు నడిపేవాళ్లకి. పెట్టెలు మన దేశంలోనూ తయారవుతున్నాయి, సోలార్ కంచెల పేరుతో దొరుకుతున్నాయి. కావాల్సింది వాటిని తేలిక చేసి, వాడటం నేర్పి, వాళ్ల చేతికివ్వడమే.

అడవికి వెళుతున్నారా..?

* అటవీశాఖ అనుమతి లేనిచోట గుడారం వేయొద్దు. నేషనల్ పార్కులు, అభయారణ్యాల్లోకి అనుమతి లేకుండా వెళ్లడమే నేరం.

* వంటా తిండీ గుడారానికి వంద మీటర్ల అవతల పెట్టుకోండి. మిగిలిన తిండి, తేనె, పండ్లు, పేస్టూ సబ్బూ కూడా గుడారంలో ఉంచుకోవద్దు. అమెరికాలోని యోసెమిటీ పార్కులో ఇందుకోసం స్టీలు పెట్టెలే కట్టించారు. అక్కడ స్థిరపడిన మనవాళ్లని అడిగితే చెబుతారు, తిండి కారులో వదిలేసినా ఊరుకోరు.

* ప్రమాణాలకి తగ్గట్టు తయారైన పెట్టెనే వాడండి. సొంతంగా తయారుచేసిన పెట్టెలు, నేరుగా ఇంటి కరెంటు... పొరపాటున కూడా వద్దు.

* ఒక కంచెకి ఒకే పెట్టె. రెండు తగిలిస్తే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండాల్సిన సందు పోతుంది.

* ముళ్లతీగకి కరెంటు ఇవ్వకూడదు. చిక్కుకుపోయినవాడు బయటపడలేడు.

* హెచ్చరిక బోర్డు కట్టండి. పసిపిల్లల్నీ, గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లనీ తీగ దగ్గరికి వెళ్లనివ్వొద్దు.

* ఎలుగు ఎదురైతే పరుగెత్తొద్దు. మెల్లగా వెనక్కి నడవండి. మీద పడితే బోర్లా పడుకుని మెడనీ ముఖాన్నీ చేతులతో కప్పుకోండి.

మళ్లీ కోనసీమకి...

కోనసీమలో ఎలుగుల్లేవు, సరే. వీధికుక్కలున్నాయి. నక్కలున్నాయి. వరికోతలయ్యాక చేలల్లో మకాం వేసే బాతులవాళ్లని చూడండి. చీకటి పడగానే వలతో దడి కట్టి వందల బాతుల్ని అందులోకి తోలతారు. ఆ పక్కనే చిన్న గుడారం. రాత్రంతా ఒకరు మేలుకునే ఉండాలి. పొద్దున్నే వల చుట్టేసుకుని మరో చేనుకి. ఆ వలకే సన్నటి స్టీలు పోగులు కలిపి, చిన్న పెట్టె తగిలిస్తే..? న్యూజిలాండ్‌లోనూ ఐరోపాలోనూ గొర్రెలకీ కోళ్లకీ అలాంటి వలలే వాడుతున్నారు. చెమ్మనేల ఎలాగూ ఉంది. ఇక్కడి గడ్డి మాత్రం రాత్రికి రాత్రే పెరుగుతుంది. ఉప్పుగాలికి లోహం తుప్పు పడుతుంది. ఆ రెండూ చూసుకుంటే చాలు.

కానీ కోనసీమ రైతుకి ఈ కథలో అసలు పనికొచ్చేది అది కూడా కాదు. ఎలుకల కోసమో పందుల కోసమో చేను గట్టు మీద ఇంటి కరెంటు తీగ పరిచే ముందు ఒక్కసారి ఆగి ఆలోచించడం. ఆ గట్టు మీద తెల్లారేసరికి నడిచేది ఎలుకా పందీ మాత్రమే కాదు. పక్క చేను బాబాయ్ కావొచ్చు. కోడి కూయకముందే నీళ్లు మళ్లించడానికి వెళ్లిన సొంత కొడుకే కావొచ్చు.

రామాయణంలో లక్ష్మణుడు గీసిన గీత ఎవర్నీ చంపడానికి కాదు. ఇటువైపు వాళ్లు ఇటే ఉండాలని, అటువైపు వాళ్లు అటే ఆగాలని. ఆ కథలో రాముడి పక్షాన నిలిచిన జాంబవంతుడూ ఎలుగే. అలాంటి ఎలుగుతో మనకి పగెందుకు? సెకనుకో చిన్న దెబ్బ చాలు... అది దాని అడవిలో, మనం మన గుడారంలో.

తెల్లారాక ఇద్దరం ఎవరి దారిన వాళ్లం లేచి వెళ్లిపోవచ్చు.